అలసంద వడ బ్రెజిల్‌కి ఎట్లా పోయింది? ఆఫ్రికా నుంచి బయల్దేరిన వంటలు, వాటిని కాపాడుకుంటున్న మనుషులు

కడపమ్మాయి
అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి ఈ టాపిక్ పెట్టాలనుకుంటున్నా, ఇవాళ కుదిరింది, కొంచెం పొడుగు ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మేముండేది సౌత్ కరోలినాలో, చార్ల్‌స్టన్ పక్కన. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు, డెబ్బై దాటింటాయి, గల్లా గీచీ వాళ్ళు. పడమటి ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చి ఈ సముద్రం ఒడ్డున లంకల్లో వరి పండించడానికి పెట్టిన మనుషుల సంతతి వీళ్ళు, వీళ్ళకి సొంత భాష కూడా ఉంది. జనవరి ఒకటిన భోజనానికి పిలిచినారు. ఆ రోజు వాళ్ళిళ్ళల్లో హాపిన్ జాన్ ఉండాల్సిందే, అంటే అలసందలూ బియ్యమూ ఒకే గిన్నెలో వండేది, పక్కన కాలర్డ్ అనే ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. అలసందలు చిల్లర అంట, ఆకుకూర నోట్లు అంట, ఏడాదంతా చేతిలో డబ్బు ఆడాలని. మామూలుగా పొగబెట్టిన పంది ముక్క వేస్తారు, నేను తిననని నాకోసం వేరే చిన్న గిన్నెలో ముక్క వెయ్యకుండా వండినారు. మొదటి ముద్దకే మా అవ్వ చేసే అలసంద గుగ్గిళ్ళు అన్నంలో కలుపుకుని తిన్నట్టు అనిపించి కాసేపు మాట రాలేదు నాకు. ఆకుకూర ఉడికిన నీళ్ళు కూడా పారబొయ్యరు, పాట్ లికర్ అంటారు, గ్లాసులో పోసిచ్చి రొట్టె ముంచుకోమన్నారు. మనం పప్పు కట్టు తాగినట్టే.

తిన్నాక గోడకి తగిలించిన పెద్ద గుండ్రటి గడ్డి తట్ట కనపడింది, ఇదేంటమ్మా అని అడిగినా. ఆమె దాన్ని దించి రెండు గుప్పెళ్ళ బియ్యం పోసి మణికట్టు ఒక్క ఊపు ఊపినారు. బియ్యం సర్రున పైకి లేచి ఒక్క గింజ కింద పడకుండా మళ్ళీ తట్టలోనే పడింది. చెరగడం! అచ్చంగా మా అవ్వ చేటతో చెరిగినట్టే. మనది వెదురు చేట, ముందర అంచు ఉండదు, వాళ్ళది స్వీట్‌గ్రాస్ అనే గడ్డిని చుట్టలు చుట్టి పామెట్టో ఆకు చీలికలతో కుట్టేది, చుట్టూ అంచు ఉంటుంది. చెయ్యి కదిలే తీరు మాత్రం ఒకటే. ఆ తట్ట వాళ్ళమ్మ కుట్టిందంట.

అప్పటినుంచి చదువుతా ఉన్నా. చదివే కొద్దీ అర్థమయిందేంటంటే మా కడప అలసంద వడకి అన్నలాంటి వడ ఒకటి నైజీరియాలో ఉంది, అకరా అంటారు, అది సముద్రం దాటి బ్రెజిల్ పోయింది. అలసందలు అసలు పుట్టిందే ఆఫ్రికాలో. మీకు తెలిసినవి చెప్పండి, ఎక్కడెక్కడ ఏమేం వంటలు మిగిలినాయి, ఎవరు కాపాడుతున్నారు?

లంక_రైతుబిడ్డ
కడపమ్మాయి గారూ మంచి టాపిక్ అండి. మాది కోనసీమ కాబట్టి వరి గురించి నేను మాట్లాడతా. చార్ల్‌స్టన్ అంత డబ్బున్న ఊరు అయ్యిందే వరి మీద. కరోలినా గోల్డ్ అని ఒక రకం, పండినప్పుడు కంకి బంగారం రంగులో ఉంటుందని ఆ పేరు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన దొరలకి వరి అంటే ఏం తెలుస్తుందండీ. సెనగల్, గాంబియా, సియెర్రా లియోన్ వైపు వాళ్ళు మాత్రం ఎన్నో వందల ఏళ్ళుగా వరి పండిస్తున్నారు, ఆఫ్రికాకి సొంత వరి జాతి కూడా ఉంది, మన ఆసియా వరి కాదది. వరి తెలిసిన మనుషులు కావాలని ఆ తీరం నుంచి వచ్చిన బానిసలకి చార్ల్‌స్టన్ మార్కెట్‌లో ఎక్కువ గిరాకీ ఉండేది. తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, మనిషిని కొనేటప్పుడు వాళ్ళ విద్య చూసి కొన్నారు, తర్వాత ఆ విద్య వాళ్ళదని ఒప్పుకోలేదు.

అక్కడ పొలాలకి నీళ్ళు పెట్టే పద్ధతి చూస్తే మా డెల్టా వాళ్ళకి వెంటనే అర్థమైపోద్ది. నదిలో పోటు వచ్చినప్పుడు మంచినీళ్ళు పైకి లేస్తాయి, గట్లు కట్టి తూములు పెట్టి ఆ నీళ్ళు పొలంలోకి తీసుకుంటారు, పాటు తీసినప్పుడు వదిలేస్తారు. ఆ తూముని ట్రంక్ అంటారు, మొదట్లో బోలు దుంగే పెట్టేవాళ్ళంట, తర్వాత చెక్కతో చేసినా పేరు మాత్రం ఉండిపోయింది. ఆ గట్లన్నీ చేత్తో వేసినవే, మోకాళ్ళ లోతు బురదలో, మలేరియాలో, పాముల మధ్య. ఇప్పటికీ విమానంలోంచి చూస్తే ఆ మడులు గళ్ళుగళ్ళుగా కనపడతాయి.

కిషోర్_డాలస్
ఒక డౌట్ అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. నేను విన్నదాని ప్రకారం సోల్ ఫుడ్, అంటే ఇక్కడి నల్లజాతి వాళ్ళ ఇంటి వంట, యజమానులు పారేసిన మాంసం ముక్కలతో బానిసలు చేసుకున్న తిండి కదా. అంత బాధలోంచి వచ్చిన తిండిని పండగలా సెలబ్రేట్ చేసుకోవడం నాకు అంతగా మింగుడు పడట్లేదు. ఆరోగ్యానికి కూడా మంచిది కాదంటారు, అన్నీ వేపుళ్ళే అని.

ఎర్రమట్టి
కిషోర్ గారూ మీరు మంచి మనసుతోనే అడిగారు కాబట్టి నేనూ మనసు విప్పి చెప్తా. మాది పల్నాడు, మా ఇల్లు ఊరి చివర పల్లెలో. మా నాయనమ్మ బోటి కడిగేది చూడాలి మీరు. ఉప్పేసి రుద్దడం, వేడినీళ్ళు పొయ్యడం, మళ్ళీ తిరగేసి గీకడం, సున్నం కొంచెం వేసి మళ్ళీ కడగడం, ఒక పూట పట్టేది. అమెరికాలో నల్లజాతి వాళ్ళు చిట్లిన్స్ అని పంది పేగులు వండుకుంటారు, వాళ్ళూ అంతే, గంటలు గంటలు కడుగుతారు. ఎండబెట్టిన తునకలు చింతచిగురుతో వండేది నాయనమ్మ, ఆ వాసనకి బళ్ళో పిల్లలు నన్ను ఏమనేవాళ్ళో ఇక్కడ రాయను. టిఫిన్ బాక్స్ మూత సగమే తీసి తినేవాణ్ణి. కాబట్టి "పారేసిన ముక్కలు" అనే మాట వింటే నాకు రెండు విషయాలు తోస్తాయి. ఒకటి, పారేసినదాన్ని పిల్లలు గిన్నె నాకేట్టు వండటం చిన్న విద్య కాదు. రెండు, అసలు వాళ్ళ తిండంతా పారేసినదే అనడం అబద్ధం.

బెండకాయ ఎవరు పారేశారండీ? ఆఫ్రికాది అది. న్యూ ఆర్లియన్స్ గంబో అనే పేరే అంగోలా వైపు భాషల్లో బెండకాయకి ఉన్న మాట నుంచి వచ్చింది. అలసందలు, నువ్వులు వాళ్ళతోనే వచ్చాయి, నువ్వుల్ని ఇప్పటికీ చార్ల్‌స్టన్‌లో బెన్నె అంటారు, ఆఫ్రికా మాటే. వేరుశనగ దక్షిణ అమెరికాదే అయినా ఆఫ్రికాకి పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది, గూబర్ అని పాతకాలం వాళ్ళు అంటారు, అది కాంగో వైపు మాట. ఈ దినుసుల్ని బానిసలు తమకిచ్చిన చిన్న చెక్క నేలలో పొద్దంతా చాకిరీ చేసి వచ్చాక సాయంత్రాలు పండించుకున్నారు.

ఇక వంటవాళ్ళ సంగతి. జేమ్స్ హెమింగ్స్ అని, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ దగ్గర బానిస, జెఫర్సన్ ఆయన్ని పారిస్ తీసుకెళ్ళి ఫ్రెంచి వంట నేర్పించాడు, తిరిగొచ్చాక ఆయన చేతి వంటే పెద్దవాళ్ళ విందుల్లో. తనకి విడుదల కావాలంటే బదులుగా తమ్ముడికి వంటంతా నేర్పాలని షరతు పెట్టించుకుని, నేర్పి, 1796లో బయటికొచ్చాడు. తమ్ముడు మాత్రం బానిసగానే ఉన్నాడు. అమెరికా వాళ్ళు ఇష్టంగా తినే మాకరోనీ చీజ్ ఆ దేశంలో నిలదొక్కుకోవడంలో ఆ వంటింటి చెయ్యి ఉంది.

వేపుళ్ళ గురించి ఒక్క మాట. కోడి వేపుడు ఆదివారం తిండి. వారమంతా తిన్నది ఆకుకూరలు, అలసందలు, చిలగడదుంప, చేప. మన ఇళ్ళల్లో పండగరోజు బూరెలు చూసి తెలుగోళ్ళు రోజూ బూరెలే తింటారంటే ఎట్లా ఉంటుంది.

కిషోర్_డాలస్
ఎర్రమట్టి అన్నా, టిఫిన్ బాక్స్ మూత మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా. ఇప్పుడు అర్థమైంది. థాంక్యూ.

వైజాగ్_సెయిలర్
నేను మర్చంట్ నేవీలో చేశానండి. ఒకసారి మా షిప్పు బ్రెజిల్‌లో సాల్వడార్ పోర్టులో ఆగింది, బయా రాష్ట్రం అది. సాయంత్రం ఊళ్ళోకి వెళ్తే వీధి మూల తెల్ల లేసు గౌను, తలకి తెల్ల గుడ్డ, మెళ్ళో పూసల దండలు వేసుకున్న ఒక పెద్ద నల్లావిడ, ముందు చెక్క బల్ల, పక్కన మూకుడులో ఎర్రటి నూనె కాగుతోంది. డెండే అంటారు, ఆఫ్రికా పామాయిల్, పసుపూ కుంకుమా కలిపినట్టు ఉంటుంది రంగు. పెద్ద గిన్నెలో తెల్లటి పిండి, చెక్క గరిటెతో గిలకొడుతూనే ఉంది, పిండి నురుగు నురుగ్గా పొంగాక గరిటెతో తీసి నూనెలో జారవిడిచింది. నేను చూసి గారెలండీ అన్నాను, తెలుగులోనే! నా పక్కన ఉన్నవాడు నవ్వాడు.

దాని పేరు అకరాజే. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ ఉప్పు వేసి చేస్తారు. అకరా అంటే నైజీరియా వైపు యొరుబా భాషలో ఆ వడ, జే అంటే తినడం. వడ మధ్యలోకి కోసి లోపల వటపా అని రొయ్యపొడి, జీడిపప్పు, కొబ్బరిపాలు కలిపి చేసిన ముద్ద పెట్టి, కరురు అని బెండకాయ కూర పెట్టి, ఎండురొయ్యలు పైన వేసి ఇస్తారు. కారం కావాలా అని అడుగుతారు, అడిగి మరీ వేయించుకోండి. కరకర అని పైన, లోపల దూదిలా. పచ్చిమిర్చి అల్లం లేని మన అలసంద వడ అనుకోవచ్చు, నూనె వాసన మాత్రం వేరు.

ఇందులో తెలుసుకోవాల్సింది ఆ అమ్మేవాళ్ళ సంగతి. ఆ ఆడవాళ్ళని బయానాలు అంటారు. అది కేవలం వ్యాపారం కాదు, కాందోంబ్లే అనే వాళ్ళ ఆఫ్రికా మతంలో ఇయాన్సా అనే గాలివాన దేవతకి నైవేద్యం అకరాజే. బానిస కాలంలో కూడా వీధుల్లో అమ్మి ఆ డబ్బుతో విడుదల కొనుక్కున్నవాళ్ళు ఉన్నారు. బ్రెజిల్ ప్రభుత్వం 2005లో ఈ బయానాల వృత్తిని జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. వంటని కాదు గమనించండి, వృత్తిని, అంటే ఆ మనుషుల పనిని. 2014 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ అప్పుడు స్టేడియం దగ్గర బయటివాళ్ళు అమ్మకూడదని ఫిఫా నియమం వస్తే వీళ్ళు సంఘం పెట్టుకుని, సంతకాలు సేకరించి, తెల్లబట్టలతో రోడ్డెక్కి పోరాడి స్టేడియం ఆవరణలో అమ్ముకునే హక్కు సాధించారు.

సిరిసిల్ల_సుధ
వైజాగ్ అన్నా మస్తు రాసినవ్, నోట్లె నీళ్ళూరినయ్.

నేను హ్యూస్టన్‌ల ఉంటా. ఇక్కడ జూన్ 19న జూన్‌టీన్త్ చేస్తరు. బానిసత్వం పోయిందన్న ఖబర్ టెక్సస్‌ల గాల్వెస్టన్‌కు 1865ల ఆ రోజు చేరింది, 2021 నుంచి దేశమంతా సెలవు. ఆ రోజు ఎర్రటివి తినాలె తాగాలె, పుచ్చకాయ, ఎర్ర సోడా, ఎర్ర కేకు. ఒక మీటింగ్‌ల ఒక జమైకా అక్క సోరెల్ అని ఎర్రటి షర్బత్ ఇచ్చింది, అల్లం లవంగం వాసన, పుల్లగ మంచిగుంది. దేంతోని చేస్తరని అడిగితె సంచిల ఎండబెట్టిన ఎర్ర మొగ్గలు చూపెట్టింది. నేను చెయ్యిల పట్టుకొని చూస్తె ఏముంది, గోంగూర కాయ మీద ఉండే ఎర్ర తొక్కలు! పుంటికూర అంటం మేము. మా ఊర్ల చెల్క గట్ల మీద ఉంటుండె, ఆకు తెంపుకొని మొగ్గలు ఇడిచిపెడుతుంటిమి.

అది ఆఫ్రికా నుంచి వచ్చిన మొక్కనే. సెనగల్‌ల బిస్సాప్ అంటరు, జమైకాల క్రిస్మస్‌కు సోరెల్ లేకపోతె పండుగ కాదు. వాళ్ళు మొగ్గ పట్టుకున్నరు, మనం ఆకు పట్టుకున్నం. జొన్నలు, సజ్జలు, రాగులు కూడ అంతె, ఆ ఖండం నుంచి మన చేతికొచ్చినయే. మా అమ్మమ్మ జొన్న గట్క తిని పెరిగిన మనిషి, ఆ గింజ ఎవ్వరిదో ఆమెకు ఎవ్వరూ చెప్పలే.

తోటకూర_తాతయ్య
అమ్మా సుధా, మొగ్గ ఆకు మాట చక్కగా చెప్పావు. ఇంకోటి. జమైకాలో కలలూ అంటే తోటకూరే, పొద్దున్నే ఉప్పుచేపతో వండుకుంటారు. ట్రినిడాడ్‌లో కలలూ అంటే చేమాకు, బెండకాయలు, కొబ్బరిపాలు వేసి మెత్తగా ఎనిపింది. మా అబ్బాయి దగ్గరకి టొరంటో వెళ్ళినప్పుడు కరీబియన్ కొట్లో తోటకూర కట్టలు చూసి అక్కడే కొనేవాణ్ణి. జమైకా వాళ్ళ అకీ పండు కూడా ఆఫ్రికాదే, కానీ అది చెట్టు మీదే పండి దానంతట అది విచ్చుకున్నాకే వండాలి, పచ్చిది విషం. ఆ జాగ్రత్త తరతరాలుగా నోటిమాటగా అందించుకుంటున్నారు.

నీలిమ_పారిస్
హైతీ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఇక్కడ మా ఆఫీసులో హైతీ కొలీగ్ ఉంది. జనవరి 1 వాళ్ళకి స్వాతంత్ర్య దినం, 1804లో బానిసలు తిరగబడి ఫ్రాన్స్‌ని ఓడించి దేశం తెచ్చుకున్నారు. ఆ రోజు ప్రతి ఇంట్లో సూప్ జూము, అంటే గుమ్మడికాయ సూప్, మాంసం, బంగాళాదుంప, క్యాబేజీ, సేమ్యా లాంటివి వేసి. బానిసకాలంలో ఆ గుమ్మడికాయ పండించిందీ వండిందీ వీళ్ళే, తాగడానికి మాత్రం వీళ్ళకి హక్కు లేదు, దొరల బల్ల మీదికే అది. గెలిచిన రోజు అదే వండుకుని తాగారు, అప్పట్నుంచి ఏటా తాగుతున్నారు. 2021లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది, హైతీకి అదే మొదటిది. మా కొలీగ్ ఫ్లాస్కులో తెచ్చి మా అందరికీ చిన్న కప్పుల్లో పోసింది, ఎవరికీ పొయ్యకుండా తాను ముందు తాగదట.

ఇంకో చిన్న విషయం. వెనిలా ఐస్‌క్రీమ్ తినే ప్రతివాళ్ళూ ఎడ్మండ్ ఆల్బియస్ పేరు తెలుసుకోవాలి. రీయూనియన్ దీవిలో బానిస పిల్లవాడు, 1841లో పన్నెండేళ్ళ వయసులో సన్న పుల్లతో పువ్వులో పొర పైకెత్తి బొటనవేలితో పుప్పొడి అద్దే పద్ధతి కనిపెట్టాడు. ఈరోజుకీ వెనిలా తోటల్లో అట్లాగే చేత్తో అద్దుతున్నారు. ఆ పద్ధతి మీద దొరలు కోట్లు సంపాదించారు, ఆయన పేదరికంలోనే పోయాడు.

ఎర్రమట్టి
పోరాటాలకి కూడా ఈ వంటలే తిండి పెట్టాయి. 1955లో అలబామాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో నల్లజాతి వాళ్ళని వేరుగా కూర్చోబెట్టడం మీద బస్సుల బహిష్కారం జరిగినప్పుడు జార్జియా గిల్మోర్ అనే వంటావిడ కొందరు ఆడవాళ్ళని కూడేసి కేకులు, పైలు, కోడి వేపుడు సాండ్‌విచ్‌లు చేసి అమ్మి ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చేది. 381 రోజులు జనం నడిచారు, కార్లలో సర్దుకున్నారు, ఆ కార్ల పెట్రోలుకి కొంత డబ్బు ఈ కేకులదే. డబ్బెక్కడిది అని ఎవరైనా అడిగితే ఎక్కణ్ణించీ కాదు అనేవాళ్ళు, అందుకే దాని పేరే "ఎక్కణ్ణించీ కాని క్లబ్బు". పేర్లు బయటపడితే ఆ ఆడవాళ్ళ పనులు పోతాయి మరి. గిల్మోర్ పని పోయింది కూడా, తర్వాత ఇంట్లోనే వండి అమ్మింది, మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఇంట్లో తిన్న మనిషే.

విత్తనాల_వేణు
కాపాడటం అంటే రెసిపీలు రాసిపెట్టడం అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో విత్తనం, నేల లేకపోతే రెసిపీ ఒట్టి కాగితం. జార్జియాలో సపేలో అని దీవి ఉంది, పడవ మీదే వెళ్ళాలి, అక్కడ హాగ్ హమాక్ అనే ఊళ్ళో గీచీ జనం మిగిలారు. అక్కడి గీచీ ఎర్ర అలసందలు ప్రత్యేకమైనవి. కార్నీలియా వాకర్ బెయిలీ అనే పెద్దావిడ, 2017లో పోయారు, ఆ అలసందల్ని మళ్ళీ వాణిజ్యంగా పండించి ఆ డబ్బుతో ఊళ్ళో భూములు నిలబెట్టాలని చూశారు. ఎందుకంటే అక్కడికి ధనవంతులు సెలవు ఇళ్ళు కట్టుకోడానికి వస్తున్నారు, పన్నులు పెరుగుతున్నాయి, 2023లో పెద్ద ఇళ్ళు కట్టుకోడానికి కౌంటీ నిబంధనలు సడలించింది, ఊరివాళ్ళు వద్దని మొత్తుకున్నా.

భూమి పోయే పద్ధతి వింటే మనవాళ్ళకి బాగా తెలిసిందే అనిపిస్తుంది. తాత వీలునామా రాయకుండా పోతాడు, భూమి ఉమ్మడిగా వారసులందరి పేర ఉండిపోతుంది, ఎక్కడో న్యూయార్క్‌లో ఉన్న ఒక వారసుడి వాటా బయటివాడు కొంటాడు, కొని పంపకాలు చెయ్యమని కోర్టుకి పోతాడు, కోర్టు మొత్తం వేలం వేస్తుంది, అంతే, నాలుగు తరాల నేల ఒక్క పూటలో పోతుంది. 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు 9 లక్షల పైన, ఇప్పుడు 50 వేల లోపు.

మంచి కబురు కూడా ఉంది. అమెరికాకీ బ్రిటన్‌కీ జరిగిన 1812 యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ వైపు నిలిచి విడుదల పొందిన నల్లజాతి సైనికుల్ని ట్రినిడాడ్‌లో దింపారు, మెరికిన్లు అంటారు. వాళ్ళతో పోయిన కొండవరి అమెరికాలో కనపడకుండా పోయింది. బి.జె. డెనిస్ అనే గల్లా వంటవాడు 2016లో ట్రినిడాడ్ వెళ్తే మొరూగా దగ్గర పొలంలో ఆ వరి నిక్షేపంగా పండుతూ కనపడింది. దక్షిణ అమెరికాలో సురినామ్ అడవుల్లోకి పారిపోయిన బానిసల సంతతి, మరూన్లు అంటారు, వాళ్ళయితే తమ అవ్వలు జడల్లో వడ్లు దాచుకుని పారిపోయారని చెప్తారు, కొన్ని వరి రకాలకి ఇప్పటికీ ఆ అవ్వల పేర్లే.

కిషోర్_డాలస్
జడల్లో వడ్లు... మా ఇంట్లో ఆడవాళ్ళకి చదివి వినిపించాను.

ఇంకో మాట కూడా అనాలి. ఇక్కడ మన తెలుగు గ్రూపుల్లో ఇల్లు కొనేటప్పుడు "నల్లోళ్ళ ఏరియా, వద్దు" అని ఎంత తేలిగ్గా అనేస్తారో. నేనూ విని ఊరుకున్నవాణ్ణే. ఇకమీదట ఊరుకోను.

పాతబస్తీ_పాషా
హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని ఏరియా ఉంది కదా, చాలామంది ఎయిర్ కండిషన్ అనుకుంటారు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని అసలు పేరు. నిజాం గుర్రపు దళంలో ఉన్న హబ్షీలు, సిద్దీలు అక్కడే ఉండేవాళ్ళు, రాజ్యం పోయాక దళం పోయింది, మనుషులు అక్కడే ఉండిపోయారు. మన పెళ్ళిళ్ళల్లో వాయించే మర్ఫా వాళ్ళు తెచ్చిందే. మర్ఫా కొడితే అందరం ఎగురుతాం, కానీ ఆ ఇళ్ళల్లో అవ్వలు ఏం వండేవాళ్ళో ఎవరమూ అడగలేదు భాయ్. నా దోస్తు వాళ్ళ ఇల్లు అక్కడే, వాళ్ళ దాదీకి ఎనభై దాటినయ్. ఈ థ్రెడ్ చదివాక పోయిన జుమ్మాకి వాళ్ళింటికి పోయినా, దాదీ ఊరికే రావద్దు, మధ్యాహ్నం పొయ్యి వెలిగించే టైంకి రా అన్నది. ఆదివారం పోతున్నా, ఒక నోటుబుక్ తీస్కొని.

కడపమ్మాయి
పాషా భాయ్, దయచేసి వెళ్ళండి, దాదీ ఒప్పుకుంటే గొంతు కూడా రికార్డ్ చెయ్యండి.

అందరివీ రెండుసార్లు చదివినా. నా వైపు నుంచి ఒక ముచ్చట. పోయిన శనివారం నేను అలసంద వడలు చేసి పక్కింటామెకి తీసుకపోయినా. ఆమె ఒకటి రెండుగా విరిచి, లోపల చూసి, వాసన చూసి, తిని, "మీ అమ్మ నేర్పిందా" అన్నారు. మా అవ్వ అన్నా. అలసందలు పొట్టు ఎట్లా తీస్తావని అడిగితే నానిన గింజల్ని చేతుల మధ్య రుద్ది నీళ్ళల్లో తేల్చడం చూపించినా, ఆమె వెంటనే లేచి సింకు దగ్గర నాతో పాటు రుద్దడం మొదలుపెట్టినారు.

హాపిన్ జాన్ కొలతలు రాసుకుంటా అని అడిగినా. కొలత లేదు, నువ్వొచ్చి పక్కన నిలబడు అన్నారు. అట్లనే నాలుగు వారాల్నుంచి శనివారాలు పోతున్నా, ఆమె అనుమతితో ఫోన్‌లో వీడియో తీసి వాళ్ళ మనవరాలికి పంపుతున్నా, ఆ పాప అట్లాంటాలో చదువుతోంది, వండటం రాదు, మొన్న వీడియో చూసి మొదటిసారి చేసిందంట, అన్నం ముద్దయిందని అమ్మమ్మకి ఫోన్ చేసింది. ఇద్దరూ గంట మాట్లాడుకున్నారు బియ్యం కడిగే దాని గురించే, ఎన్ని నీళ్ళు కడగాల, ఎప్పటికి తేటపడతాయి అని.

నాకు ఎర్ర అలసందలు ఒక చిన్న సీసాలో ఇచ్చినారు. తినడానికి కాదు, మే నెలలో నేల వేడెక్కినాక పెట్టు, కాసినాక సగం నాకు తెచ్చియ్యి అన్నారు. వెనక పెరట్లో కంచె పక్కన చోటు చూసి పెట్టినా.